రోడ్డుకు అడ్డం పండుగ తాడు

"పండుగ అని మాత్రం అనొద్దు," అన్నాడు బొజ్జయ్య.

వనజకు ఒళ్లు మండిపోయింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి మామది ఇదే పాట. పళ్లు తోముకుంటూ అన్నాడు, టీ గ్లాసు అందుకుంటూ అన్నాడు, ఇప్పుడు గ్లాసు ఖాళీ చేసి కింద పెడుతూ మళ్లీ అన్నాడు.

"పండుగను పండుగ అనకపోతే ఏమనాలె మామా? పెండ్లి అనాల్నా?"

"నాకు తెల్వదు. ఏదన్న అను. పండుగ అనకు."

"నిన్న ఊరంత చేసుకున్నది ఏంది మరి?"

బొజ్జయ్య తువ్వాలు దులిపి భుజం మీద వేసుకొని, అడవి వైపు చూస్తూ కూర్చున్నాడు. గుమ్మం పక్కన వనజ అత్త పుల్లమ్మ జొన్న విత్తనాలు చాటలో పోసుకొని తాలు ఏరుతోంది. పోలీసు కేసులో మొదటి పేరు ఆమెదే. ఆ సంగతి మరెవరికో చెందినట్టు, ఆమె కళ్లు చాట మీదనుంచి లేవడం లేదు.

రెండో పేరు వనజది. మంట అక్కడే.

నిన్న తునికిగూడెంలో భూమి పండుగ. ఏటా తొలకరికి ముందు వచ్చేదే. మగవాళ్లు అడవికి పోతారు. వాళ్లు తిరిగొచ్చేదాకా ఆడవాళ్లు భద్రాచలం పోయే రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకొని, వచ్చే పోయే బండ్లను ఆపి పండుగ పైసలు అడుగుతారు. ఇచ్చినవాడికి నవ్వుతూ దారి వదులుతారు. ఇవ్వనివాడిని పాటతో చీల్చి చెండాడుతారు. ఆ దారిన తిరిగే లారీవాళ్లకు ఇది కొత్త కాదు. చిల్లర ముందే చేతిలో పట్టుకొని, కిటికీలోంచి ఇచ్చి, వదినా మరదలా అని నాలుగు మాటలు ఆడి పోతారు.

తెలియనిది ఒక్క కారుకే. ఆ కారులో ఈ మధ్యే బదిలీ మీద వచ్చిన పెద్దాఫీసరు ఉన్నాడు. ఇంకా ఖర్మ ఏమిటంటే, దేశమంతా రోడ్లు దిగ్బంధం చేయాలని పిలుపు ఇచ్చింది కూడా నిన్నటికే.

పార్లమెంటు ఎలక్షన్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి దేశం కుదురుగా లేదు. ఓట్ల లెక్కలో మోసం జరిగిందని కొందరు, ఓడిపోయినవాళ్ల ఏడుపని కొందరు. పట్నాల్లో జనం రోడ్ల మీదే పడుకుంటున్నారు. ఖమ్మంలో ఊరేగింపులు, కొత్తగూడెంలో ధర్నాలు. తునికిగూడేనికి దగ్గర్లోని మండల కేంద్రంలో కూడా ఒక శిబిరం వేశారు. ఆ శిబిరానికి పెద్ద దిక్కు ఎవరో కాదు, వనజ మొగుడు చిరంజీవే. కాబట్టి తాడు చూడగానే పెద్దాఫీసరుకు పండుగ తట్టలేదు. వెనక వస్తున్న టీవీవాళ్లకు అసలే తట్టలేదు.

సాయంత్రానికల్లా రోడ్డు ఆపారని పోలీసు కేసు, టీవీలో పుల్లమ్మ. చేతిలో తాడు, నోట పాట. ఆ పాట అడవికి పోయి ఉత్త చేతులతో వచ్చే మగవాళ్లను వెక్కిరించేది. కోయ పాట టీవీవాళ్లకు ఎలా అర్థమవుతుంది? కింద మాత్రం 'ఓటు దొంగలకు దారి లేదు, అడవిబిడ్డల గర్జన' అని ఎర్రటి అక్షరాలు పరిగెత్తాయి.

ఆ గర్జనలో పుల్లమ్మ పక్కనే, తాడు రెండో కొస పట్టుకొని, అంగన్‌వాడీ టీచరు వనజ.

ఆమె అక్కడికి పోయింది నీళ్లు ఇవ్వడానికి. ఎండలో గొంతులు ఎండిపోతున్నాయని బిందె నెత్తిన పెట్టుకొని పోయింది. తాడు పట్టుకున్న భవాని బిడ్డ ఏడుస్తుంటే, "టీచరమ్మా, గీ కొస జర పట్టుకో, పాలిచ్చొస్త" అని తాడు చేతిలో పెట్టి పోయింది. అంతే. బిడ్డ పాలు తాగేంతసేపు. కెమెరావాడు ఆ కాసేపట్లోనే దిగాలా!

రాత్రే సూపర్‌వైజర్ మేడం ఫోన్ చేసింది. "సర్కారు జీతం తింటూ రోడ్ల మీద గిట్ల చేస్తరా వనజా? రేపు సాయంత్రంలోపు కేసు లేదని పోలీసులు చెప్తే సరి. లేకపోతే నీ పేరు పైకి పోతది. తర్వాత నా చేతుల ఏముండదు."

సంజాయిషీ చెప్పబోతే మేడం వినలేదు. విన్నా నమ్మేది కాదు.

నాలుగు ఆఫీసుల చుట్టూ తిరిగి, నలుగురి కాళ్లావేళ్లా పడి, వనజ అంగన్‌వాడీ సెంటర్‌ను ఊళ్లోకి తెప్పించింది. అంతకుముందు పిల్లలు వాగు దాటి అవతలి గూడేనికి పోవాల్సి వచ్చేది. వాన పడితే గుడ్డూ లేదు, పాలూ లేవు. ఇప్పుడు తనను తీసేస్తే ఇంకొకరిని వేస్తారా? వేయరు. వాగు అవతలి సెంటర్‌లో కలిపేస్తారు. వనజకు ఇదంతా తెలుసు. అయినా రాత్రంతా నిద్రపట్టనిది పిల్లల గురించి మాత్రమే కాదు. అది తన ఉద్యోగం. ఆ ఇంట్లో ఆమె సొంతంగా సంపాదించుకున్నది అదొక్కటే.

పొద్దున్నే కానిస్టేబుల్ రాందాస్ మోటార్ సైకిల్ మీద వచ్చి కబురు చెప్పి పోయాడు. ఎస్సై మంచోడే. కేసు లాగాలని అతనికీ లేదు. పుల్లమ్మను స్టేషన్‌కు తీసుకొస్తే, తాడు పండుగకే కట్టామని ఆమెతో చెప్పించి, ఫోన్‌లో వీడియో తీసి పైకి పంపిస్తాడు. అందరి పేర్లూ పోతాయి.

ఇంతకన్నా తేలిక దారి ఉంటుందా? ఉన్న నిజం చెప్పి ఇంటికి రావడమే గదా! కానీ ఈ ఇంట్లో తేలిక దారి ఎవరికి నచ్చుతుంది?

"మామా," అంది వనజ, గొంతు తగ్గించుకొని. "అసలు నీ బాధేందో చెప్పు. పండుగ అంటే నీకు ఏం పోతది?"

బొజ్జయ్య అటూ ఇటూ చూశాడు. "పండుగ అంటే వాళ్లు ఊకుంటరా? పండుగకు మగోళ్లు యాడికి పోయిండ్రు అని అడుగుతరు. అడవికి అంటవ్. అడవిల ఏం చేసిండ్రు అంటరు. వేట అంటవ్. ఫారెస్టోళ్లు వస్తరు. మీ కేసు పోతది, మా కేసు మొదలైతది."

"వేటల ఏం కొట్టిండ్రని కేసు?"

బొజ్జయ్య ఖాళీ గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"నిన్న పొద్దంత తిరిగి ఉత్త చేతుల్తోని వస్తిరి. ఆడోళ్లు ఆనవాయితీగ పేడనీళ్లు చల్లితే తలకాయ వంచుకొని ఇంటికొస్తివి. ఒక్క కుందేలు గూడ దొరకలే. దొరకని కుందేలుకు కేసేంది మామా?"

"అది నీకెరుక, నాకెరుక. ఫారెస్టోళ్లకు ఎరుకనా?"

"పేడ మరకలు చూపెట్టు!"

పుల్లమ్మ చాట వెనక ముఖం దాచుకుంది. నవ్విందో ఏమో తెలియదు. బొజ్జయ్య మాత్రం చిన్నబుచ్చుకొని గ్లాసు పక్కకు తోశాడు. వనజకు వెంటనే జాలేసింది. పెద్దమనిషిని అంత మాట అనకూడదు. కానీ ఏం చేయాలి? నిజం చెప్తే మామ వేట కేసు అంటాడు, అబద్ధం ఒప్పుకుంటే తన ఉద్యోగం పోతుంది.

అప్పుడే ఆటో చప్పుడైంది. చిరంజీవి తన ఆటో ఆపి దిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు పూడిపోయింది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. రాత్రి శిబిరం నుంచి ఇంటికి రాలేదు. భార్య ఉద్యోగానికి ఎసరొచ్చిన రాత్రి ఇంటి మొగుడు టెంటు కింద ఉపన్యాసాలు వింటూ కూర్చున్నాడు.

"అమ్మా, జల్దీ తయారుగా," అన్నాడు లోపలికి వస్తూనే. "ఖమ్మం నుంచి పెద్ద లీడర్లు వస్తుండ్రు. నీకు దండేస్తరట. ఫ్లెక్సీ గూడ కట్టిండ్రు. నీ బొమ్మ ఇంత పెద్దగ!"

చేతులు రెండూ చాచి చూపించాడు. పుల్లమ్మ ఆ చేతుల మధ్య ఖాళీని ఒకసారి చూసి మళ్లీ విత్తనాల మీదికి వంగింది.

"దండలు తర్వాత," అంది వనజ. "ముందు స్టేషన్‌కు పోవాలె. రాందాసన్న వచ్చి చెప్పిండు."

"తెలిసింది. పోయేది లేదు."

"ఏంది?"

"పోయి ఏమంటరు? పండుగకు కట్టినం అనే గదా! అంటే మా ఉద్యమం ఏం గావాలె? ఇన్ని దినాల్నుంచి ఎండల కూసున్నం వనజా. ఒక్క కెమెరా తొంగి చూడలే. అమ్మ తాడు కట్టంగనే దేశమంత చూసింది. ఢిల్లీల మాట్లాడుకుంటుండ్రు మన తునికిగూడెం గురించి. ఇప్పుడు పోయి, అది పండుగ సార్, మాకు ఓట్లతోని సంబంధం లేదు సార్ అంటే జనం నవ్వరా?"

"అత్త పండుగకే కట్టింది."

"ఎందుకు కడితే ఏంది? పనికొచ్చింది."

"ఎవరికి పనికొచ్చింది? నాకైతే పనికి రాలే. సాయంత్రానికి నా కొలువు పోతది. ఆ ముక్క నీ చెవులకు ఎక్కిందా?"

చిరంజీవి చాచిన చేతులు దించాడు. అతను చెడ్డవాడు కాదు. అదే వనజ కష్టం. చెడ్డవాడైతే తిట్టి పారేసి తన దారి తాను చూసుకునేది.

"పోతే కొట్లాడి తెచ్చుకుందాం," అన్నాడు మెల్లగా. "అది గాదు వనజా. జర ఆలోచించు. మనమేసిన ఓటు ఎటు పోయిందో మనకు తెల్వకపోతే ఇగ మనకేమున్నది? పోడు పట్టాలని ఎవన్ని అడుగుతం? రేపు వాగు మీద బ్రిడ్జి అని ఎవని కాడికి పోతం? వాడు మన ఓటుతోని గెలవలే, మనకెందుకు భయపడుతడు?"

ఆ మాట తప్పని వనజ అనలేకపోయింది. మాట సరైనదే కావడం ఆమెను ఇంకా రెచ్చగొట్టింది.

"సరే. దేశం సంగతి దేశానికి. నువ్వు ఓటేసినవు. నేనేసిన, మామ ఏసిండు, అత్త ఏసింది. ఈ ఊళ్లె ఎవరి ఓటు పోయిందో ఒక్క పేరు చెప్పు. చెప్తే నేను గూడ వచ్చి నీ టెంటుల కూసుంట."

చిరంజీవి దగ్గర ఆ పేరు లేదు. శిబిరంలో కూర్చున్నవాళ్లంతా ఎక్కడెక్కడో జరిగినవి చెప్తారు. తన ఊళ్లో నాది పోయిందని ముందుకొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

"చూసినవా?" అంది వనజ.

"ఊళ్లె లేకుంటే యాడ లేనట్టేనా?"

"నేను చెప్పేది గూడ గదే," అన్నాడు బొజ్జయ్య మధ్యలో దూరి. "ఉద్యమం అనే చెప్పుండ్రి. ఉద్యమానికైతే ఫారెస్టోళ్లు రారు."

వనజ రెండు చేతులతో తల పట్టుకుంది. ఒకడికి దేశం కావాలి, ఒకడికి కుందేలు భయం. తన గురించి ఈ ఇంట్లో ఆలోచించేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పుల్లమ్మ చాట కింద పెట్టింది. లేచి నడుం సర్దుకొని, దండెం మీది చీర తీసుకుంది.

"పోదాం," అంది.

"యాడికి అమ్మా? శిబిరానికా?" అన్నాడు చిరంజీవి ఆశగా.

"ఠాణాకు. పోలీసాయన పిలిచింది నన్ను గదా! మీ ముగ్గుర్ని గాదు గదా!"

అంతే. లోపలికి పోయి తలుపు వేసుకుంది. అప్పటిదాకా ముగ్గురూ ఆమె గురించే కొట్లాడుకున్నారు. ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆ సంగతి వనజకు తోచింది గానీ, ఆగి ఆలోచించే తీరిక లేదు. అత్త ఒప్పుకుంది, అది చాలు.

చిరంజీవి ఆటోను ప్రతి గుంతలోనూ కావాలని దించుతున్నట్టు నడిపాడు. బొజ్జయ్య రాలేదు. కడుపులో నొప్పన్నాడు. దారి పొడవునా తొలకరి కోసం దున్ని ఉంచిన చేలు, వాటిలో పత్తి కట్టెలు ఏరుతున్న ఆడవాళ్లు. కొందరు నడుములెత్తి ఆటోలోకి తొంగి చూసి, పుల్లమ్మను గుర్తుపట్టి చేతులూపారు. పుల్లమ్మ తిరిగి ఊపలేదు. కొంగు చెవుల మీదికి లాక్కుంది.

"అత్తా," అంది వనజ ఆమె చెవి దగ్గర. ఆ ఇంట్లో సగం కోయ, సగం తెలుగు నడుస్తుంది. కొత్తగూడెం బొగ్గుబాయి క్వార్టర్లలో పెరిగిన వనజకు కోయ అర్థమవుతుంది గానీ, మాట్లాడితే పుల్లమ్మకు నవ్వొస్తుంది. అందుకే తెలుగులోనే అంది. "రెండే రెండు ముక్కలు. తాడు పండుగకు కట్టినం. ఏటా కడతం. గంతే."

"అవ్," అంది పుల్లమ్మ.

"వేట సంగతి ఎత్తకు."

"అవ్."

"భయపడకు. నేను పక్కనే ఉంట."

పుల్లమ్మ కోడలి వైపు చూసింది. "నాకెందుకు భయం?"

మండల కేంద్రంలో స్టేషన్‌కు ఎదురుగానే శిబిరం. టెంటు నిండా జనం. నిన్నటిదాకా పది మంది లేని చోట ఈరోజు కాలు పెట్టే సందు లేదు. వైరా నుంచి, కల్లూరు నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చారు. టెంటు పక్కన ఫ్లెక్సీలో పుల్లమ్మ, నోరు తెరిచి, చేయి పైకెత్తి. ఆ చేత్తో ఆమె నిన్న కొంగు సర్దుకుంటోంది. ఫ్లెక్సీలో అది పిడికిలైంది.

"అమ్మా, ఒక్క నిమిషం దిగు. మొఖం చూపెట్టి పోదాం," అన్నాడు చిరంజీవి ఆటో నెమ్మది చేస్తూ.

"ఈడ ఆపితే అత్తను నడిపిచ్చుకుంట తీస్కపోత," అంది వనజ.

అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు. ఆటోను స్టేషన్ గేటు దాకా తీసుకుపోయి ఆపాడు. లోపలికి మాత్రం రాలేదు.

ఎస్సై వాళ్లను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. వయసులో ఉన్నవాడే గానీ వారం రోజులుగా నిద్ర లేని మొహం. బయట మైకులో నినాదాలు పెరిగినప్పుడల్లా కణతలు నొక్కుకుంటున్నాడు.

"చూడండి టీచరమ్మా, నాక్కూడా ఇది తలనొప్పే. పండుగని నాకు తెలుసు, రాందాస్‌కు తెలుసు. పైవాళ్లకు తెలియదు. అందుకని మీ అత్తగారు రెండు ముక్కలు చెప్పాలి. తాడు పండుగకు కట్టామని ఒకటి. ఎలక్షన్ల మీద మా ఊరికి ఏ ఫిర్యాదూ లేదని ఒకటి. వీడియో పంపిస్తా, సాయంత్రానికి ఫైలు మూసేస్తా. మీ సూపర్‌వైజర్‌కు నేనే ఫోన్ చేసి చెప్తా."

వనజకు ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది. రెండో ముక్క కొత్తది, అయినా అందులో ఏముంది? పొద్దున తాను మొగుడితో అన్నదే గదా అది.

"చెప్తది సార్," అంది.

రాందాస్ ఫోన్ పట్టుకొని ఎదురుగా నిలబడ్డాడు. పుల్లమ్మ కొంగు సర్దుకొని, గొంతు సవరించుకొని మొదలుపెట్టింది. కోయలో.

ఎస్సై చేయెత్తి ఆపాడు. "తెలుగు రాదా అమ్మకు?"

రాకపోవడమేమిటి! సంతలో చింతపండు బేరం చేస్తే షావుకార్లు నోరు మూసుకునేంత తెలుగు పుల్లమ్మకు వచ్చు. కానీ ఆమె వనజ వైపు చూసి, నువ్వు చెప్పు అన్నట్టు గడ్డం ఎత్తింది. ఖాకీ బట్టల ముందు బెదిరిందేమో అనుకుంది వనజ.

"ఆమె చెప్పింది నేను తెలుగులో చెప్త సార్."

"ఇంకా మంచిది. కానివ్వండి."

పుల్లమ్మ చెప్పింది. ఏటా తొలకరికి ముందు భూమి పండుగ చేస్తామని, తమ అత్తలు, అత్తల అత్తలు కూడా ఆ రోడ్డు మట్టి బాటగా ఉన్నప్పటి నుంచి తాడు కట్టారని, ఎవరి మీదా కోపంతో కట్టింది కాదని. వనజ ఒక్కో మాటా తెలుగులోకి మార్చింది. వేట ఊసు రాలేదు. ఎస్సై తల ఊపాడు. వనజ గుండె తేలికపడింది.

"ఎలక్షన్ సంగతి," అన్నాడు ఎస్సై.

పుల్లమ్మకు అర్థమైంది. వనజ మళ్లీ అడగకముందే మొదలుపెట్టింది. ఈసారి ఫోన్ వైపు కాదు, తన చేతి వేళ్ల వైపు చూస్తూ.

ఓటు రోజు కొత్త చీర కట్టుకొని పోయానంది. లైన్లో ఎండకు నిలబడ్డానంది. లోపలికి పోతే అక్కడి మనిషి, ముసలమ్మా, నీ ఓటు పొద్దున్నే అయిపోయింది, వేసి మరిచిపోయినవా అన్నాడంది. వేయలేదంటే వెనకవాళ్లు నవ్వారట. వేలు చూపించానంది. వేలికి సిరా లేదు. కడుక్కొని ఉంటావు పొమ్మన్నారట. ఇంటికొచ్చేదాకా నిజంగానే వేసి మరిచానా అని ఆలోచించుకుంటూ నడిచానంది. అప్పటినుంచి రోజూ తన మతిని తానే పరీక్ష చేసుకుంటున్నానంది. ఎవరు ఏ పోడు ఎప్పుడు నరికారో గుర్తుంది, ఎవరి బిడ్డ ఎప్పుడు పుట్టిందో గుర్తుంది. ఓటు వేసింది మాత్రం గుర్తు లేదు. వేస్తే గదా గుర్తుండడానికి, అంది.

వనజ తెలుగులోకి మార్చడం ఆపేసింది.

ఓటు రోజు సాయంత్రం తాను అడగలేదా? ఓటేసినవా అత్తా అని అడిగింది. పిల్లల గుడ్లు లెక్కపెట్టుకుంటూ, తలెత్తకుండా అడిగింది. పుల్లమ్మ, "అయిందట" అంది. అయింది కాదు, అయిందట. ఎవరో చెప్తే తెలిసినట్టు. ఆ ఒక్క అక్షరం అప్పుడు తన చెవిన పడలేదు.

అత్త మీద ఎంత జాలేసిందో అంత కోపం వచ్చింది. ఇన్నాళ్లూ నోరు మూసుకొని, చెప్పడానికి ఈ రోజే దొరికిందా? ఇక్కడే దొరికిందా? పొద్దున తాను పేరు చెప్పమని ఎగిరినప్పుడు ఆ చాట పక్కనే కూర్చుంది గదా! అక్కడ చెప్తే ఏం పోయేది? అయినా అక్కడ చెప్పనిచ్చింది ఎవరు?

"ఏమంటుంది?" అన్నాడు ఎస్సై.

ఫోన్ ఎర్ర చుక్క వెలుగుతోంది. బయట మైకులో చిరంజీవి గొంతు పూడుకుపోయి అరుస్తోంది. సాయంత్రం ఎంతో దూరం లేదు. వాగు అవతలి సెంటర్, మేడం గొంతు, తన పేరు రాసిన రిజిస్టరు, అన్నీ ఒక్కసారిగా వనజ కళ్ల ముందుకొచ్చాయి. రేపు చెప్తా అనుకుంది. ముందు ఉద్యోగం నిలబడనీ, రేపు తానే పుల్లమ్మను వెంటబెట్టుకొని ఖమ్మం దాకా పోయి చెప్తుంది. ఈ ఒక్కసారికి.

"ఎలక్షన్ల మీద మాకు ఏ ఫిర్యాదు లేదంటుంది సార్."

ఎస్సై కళ్లు చిన్నవయ్యాయి. "అంతేనా? చాలాసేపు చెప్పిందే."

"ఆకు గురించి సార్. తునికాకు. ఈసారి రేటు సరిగ ఇయ్యలేదని. ఎవరు కనబడినా అదే చెప్తది."

రాందాస్ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. ఎస్సై కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వినట్టుంది. "ఆకు సంగతి నా చేతిలో లేదమ్మా. సరే రాందాస్, అయిపోయింది."

పుల్లమ్మ కోడలి ముఖంలోకి చూసింది. కోపంగా చూస్తే వనజ తట్టుకునేది. ఓటు రోజు వెనక నవ్విన వాళ్ల వైపు కూడా ఆమె ఇలాగే చూసి ఉంటుంది.

తర్వాత పుల్లమ్మ ఎస్సై వైపు తిరిగింది.

"ఆకు గాదు సారూ," అంది, సంతలో మాట్లాడే తెలుగులో, ఒక్కో మాటా విడివిడిగా. "ఓటు."

ఎస్సై నవ్వు ఆగిపోయింది. ఆఫ్ చేయబోతున్న రాందాస్ బొటనవేలు అలాగే ఉండిపోయింది. టీ గ్లాసు పక్కకు జరిపి ఎస్సై ముందుకు వంగాడు.

"ఏ ఓటమ్మా? ఎవరి ఓటు?"

పుల్లమ్మ బెంచీ మీద కాస్త పక్కకు జరిగి, ఫోన్‌కు కోడలు కనబడేలా చోటిచ్చింది. రాందాస్ ఏం చేయాలో తోచక ఫోన్ వనజ వైపు తిప్పాడు.

"నా కోడలు చెప్తది సారూ. చదువుకున్నది. నేను చెప్తే మళ్ల మరిచిపోయినవంటరు," అంది పుల్లమ్మ.

వనజ చీర చెంగు గట్టిగా పట్టుకుంది. పుల్లమ్మ చేయి వచ్చి ఆమె మోకాలి మీద పడింది.

"చెప్పు బిడ్డా. ఈసారి మొత్తం చెప్పు."